పెళ్లి ఆధారంగా అమెరికా వలస వీసా: బెజవాడ, గుంటూరు దంపతులు కాగితాలు ఎలా సిద్ధం చేసుకోవాలి

శుభలేఖ మీద “2024 ఆగస్టు 21 బుధవారం రాత్రి 2 గంటల 38 నిమిషాలకు, తెల్లవారితే గురువారం” అని అచ్చయి ఉంటే ఆ పెళ్లి ఏ తేదీన జరిగినట్టు? పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కనుక పురోహితుడి లెక్కలో అది బుధవారమే. ప్రభుత్వ కాగితాలకు మాత్రం అర్ధరాత్రి దాటగానే తేదీ మారిపోతుంది కనుక మంగళసూత్రధారణ జరిగింది 22వ తేదీ గురువారం. మా బంధువుల అమ్మాయి పెళ్లి ఇలాంటి ముహూర్తానికే జరిగింది. రిజిస్ట్రేషన్ దరఖాస్తును నేనే నింపాను. శుభలేఖ పక్కన పెట్టుకుని చూసి రాస్తూ బుధవారం తేదీ వేశాను. అమెరికాలో ఉన్న పెళ్లికొడుకు భార్య వీసా కోసం వేసిన పిటిషన్‌లో గురువారం తేదీ రాశాడు. కొన్ని నెలల తర్వాత అమెరికా నుంచి, మీ పెళ్లి తేదీ ఏది, ఆధారం పంపండి అంటూ ఉత్తరం వచ్చింది. తప్పు నాదే, ఒక్క అంకెదే, కానీ దాన్ని సరిదిద్దుకోవడానికి మళ్లీ రిజిస్ట్రార్ కార్యాలయం చుట్టూ తిరగవలసి వచ్చింది.

ఈ పనిలో కాగితాలు లేక ఇబ్బంది పడేవారు తక్కువే. అన్ని కాగితాలూ ఉండి, అవి ఒకదానితో ఒకటి పొసగక ఇబ్బంది పడేవారే ఎక్కువ. అందువల్ల ఏ దరఖాస్తు ముందు, ఏది వెనుక అనే దానికంటే, పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, పెళ్లి తేదీ అనే నాలుగూ ప్రతి కాగితంలో ఒకేలా ఉన్నాయా అన్నదాని మీదే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా గమనించండి. హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే హెచ్4 తాత్కాలిక వీసా. దాని తంతు వేరు. ఇక్కడ చెప్పేది అమెరికా పౌరులు గానీ గ్రీన్ కార్డు ఉన్నవారు గానీ తమ జీవిత భాగస్వామిని శాశ్వత నివాసానికి తీసుకువెళ్లే వలస వీసా గురించి. పౌరుల భార్యకో భర్తకో ఈ వీసాల సంఖ్య మీద ఏటా పరిమితి లేదు. గ్రీన్ కార్డుదారుల భాగస్వాములు మాత్రం ఎఫ్2ఏ వర్గంలోకి వస్తారు కనుక నెలనెలా వెలువడే వీసా బులెటిన్‌లో తమ వంతు చూసుకుంటూ ఉండాలి. పిటిషన్ నడుస్తుండగా అక్కడి భాగస్వామికి పౌరసత్వం వస్తే ఆ సంగతి తెలియజేసి మొదటి వర్గంలోకి మారవచ్చు.

పెళ్లికొడుకు విమానం ఎక్కకముందే

మూడు వారాల సెలవు మీద వచ్చి, పెళ్లి, వ్రతం, మొక్కుబడులు ముగించుకుని తిరిగి వెళ్లిపోయే సంబంధాలే మన దగ్గర ఎక్కువ. ఆ మూడు వారాల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడని పని వివాహ రిజిస్ట్రేషన్. దంపతులిద్దరూ సాక్షులతో కలిసి స్వయంగా సంతకాలు పెట్టాలి కనుక ఒకరు వెళ్లిపోయాక ఇది మళ్లీ ఏడాది వాయిదా పడినట్టే. ఇద్దరూ హిందువులైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు. పెళ్లి జరిగిన కల్యాణ మండపం ఏ కార్యాలయం పరిధిలోకి వస్తుందో పెళ్లికి ముందే కనుక్కోండి. మండపం తాడేపల్లిలో ఉంటే అది బెజవాడకు కృష్ణ దాటితే వచ్చే ఊరే అయినా గుంటూరు జిల్లా అవుతుంది. మతాంతర వివాహాన్ని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోదలిస్తే 30 రోజుల నోటీసు తప్పదు కనుక మూడు వారాల సెలవు చాలదు. చర్చిలో జరిగిన పెళ్లికైనా నిఖాకైనా అక్కడిచ్చే పత్రంతో సరిపెట్టుకోకుండా, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం కూడా తీసుకోవడం మేలు.

ధ్రువపత్రం చేతికి రాగానే బల్ల దగ్గర నుంచి కదలకండి. అక్కడే నిలబడి ఇద్దరి పాస్‌పోర్టులూ తెరిచి, పేర్లను అక్షరం అక్షరం పోల్చి చూడండి. అప్పటికప్పుడు చెబితే నిమిషాల్లో దిద్దే తప్పు, నెల తర్వాత వెళితే అఫిడవిట్లూ అర్జీలూ అడుగుతుంది.

ఆ సెలవులోనే ఇంకొక చిన్న పని కూడా చేసుకోండి. అమెరికా కొలతలో, అంటే రెండు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పుతో, తెల్లటి వెనుకతలంతో, కళ్లద్దాలు లేకుండా ఫొటోలు తీయించుకోండి. ఇక్కడి స్టూడియోల్లో అడగకుండానే ముఖం తెల్లబరిచి మచ్చలు చెరిపేస్తారు. ఉన్నది ఉన్నట్టు ఉంచమని ముందే గట్టిగా చెప్పండి. పిటిషన్‌తో పెట్టే ఫొటోలు దాఖలుకు ముందు 30 రోజుల్లోపు తీసినవై ఉండాలి కనుక దాఖలు ఆలస్యమైతే మళ్లీ తీయించుకోవలసిందే.

ఒక తెల్లకాగితం మీద పొంతన పట్టిక

ఇప్పుడు అసలు పని. ఒక పెద్ద తెల్లకాగితం తీసుకుని నిలువు గీతలు గీయండి. ఎడమ పక్కన వరుసగా పాస్‌పోర్టు, పదో తరగతి ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం, పాన్, శుభలేఖ అని రాసుకోండి. పైన ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తండ్రి పేరు, తల్లి పేరు అని గళ్లు పెట్టుకోండి. ప్రతి గడిలో ఆ కాగితంలో ఏముందో చూసి, కామాలతో, పొడి అక్షరాలతో సహా ఉన్నది ఉన్నట్టు రాయండి. జ్ఞాపకం మీద ఆధారపడి ఒక్క గడి కూడా నింపవద్దు. పూర్తయ్యాక ఎర్ర పెన్నుతో తేడాలకు సున్నాలు చుట్టండి. ఈ పట్టిక ఎవరికీ పంపనక్కరలేదు, అది మీ కోసమే.

మన వైపు ఎర్ర సున్నాలు ఎక్కువగా పడేది పేరు గడిలోనే. పదో తరగతిలో ‘కె. లక్ష్మీ ప్రసన్న’, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి పూర్తిగా, జనన ధ్రువపత్రంలో ‘ప్రసన్నలక్ష్మి’ అని ఉండటం మనకు వింత కాదు. అక్కడి అధికారికి వీరు ముగ్గురు మనుషులు. ఇలాంటి చోట పాస్‌పోర్టును ప్రమాణంగా పెట్టుకుని, దరఖాస్తులో ‘ఇతర పేర్లు’ అని అడిగే చోట మిగిలిన రూపాలన్నీ దాచకుండా రాయడం సరైన పద్ధతి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. అలాంటప్పుడు అమెరికా వీసాలో ఆ మొత్తాన్నీ ఇంటిపేరుగా తీసుకుని, పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే మొదటి పేరు తెలియదు అని వేస్తారు. దానితో అక్కడ బ్యాంకులోనూ డ్రైవింగ్ లైసెన్సు దగ్గరా పడే అవస్థ కంటే, పిటిషన్‌కు ముందే పాస్‌పోర్టు రీ-ఇష్యూకు దరఖాస్తు చేసి పేరును రెండు గళ్లలోకి విడదీయించుకోవడం ఎంతో సులువు. పెళ్లయింది కదా అని ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకోవడం మాత్రం తప్పనిసరి కాదు. మార్చుకోదలిస్తే మొత్తం ప్రక్రియకు ముందో, అంతా అయ్యాకో మార్చుకోండి, మధ్యలో వద్దు.

పుట్టిన ఊరి గడి గురించి ఎవరూ హెచ్చరించరు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. అమ్మ పుట్టిల్లు తెనాలి అయితే బిడ్డ పుట్టేది తెనాలి ఆసుపత్రిలో. జననం ఎక్కడ జరిగితే అక్కడి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో నమోదవుతుంది. పెరిగింది బెజవాడ కనుక పాస్‌పోర్టు దరఖాస్తులో నాన్నగారు ‘విజయవాడ’ అని రాసేస్తారు. విజయవాడ నగరపాలక సంస్థ రికార్డుల్లో ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అక్కడ ఆ బిడ్డ పుట్టలేదు. జనన ధ్రువపత్రం కోసం తిరిగే ముందు అమ్మనో అమ్మమ్మనో ఏ ఊరు, ఏ ఆసుపత్రి అని అడగడమే మొదటి మెట్టు.

దీనికి జిల్లాల విభజన తోడైంది. 2022 ఏప్రిల్ 4 నుంచి నరసరావుపేట పల్నాడు జిల్లాలోకి, రేపల్లె బాపట్ల జిల్లాలోకి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. పాత కాగితాల్లో గుంటూరు, కృష్ణా జిల్లాలని, కొత్తవాటిలో కొత్త పేర్లని ఉంటాయి. ఇది దోషం కాదు కనుక దీనికోసం దేన్నీ మార్పించే ప్రయత్నం చేయవద్దు. జిల్లా పేరు మారిందని అనుబంధ లేఖలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

జనన ధ్రువపత్రం

మున్సిపాలిటీ ఇచ్చిన పాత జనన ధ్రువపత్రాల్లో చాలావాటిలో శిశువు పేరు గడి ఖాళీగా ఉంటుంది. బారసాల కాకముందే ఆసుపత్రి వారు వివరాలు పంపేయడమే దీనికి కారణం. ఆ ఖాళీతోనే స్కాన్ చేసి పంపవద్దు. పేరు చేర్పించే దరఖాస్తును నమోదు చేసిన కార్యాలయంలోనే ఇచ్చి, పేరుతో కూడిన కొత్త ప్రతి తీసుకోండి.

అసలు నమోదే కాకపోతే రెండు దారులున్నాయి. మొదటిది ఆలస్యపు నమోదు. పుట్టి ఏడాది దాటిపోయింది కనుక దీనికి రెవెన్యూ డివిజనల్ అధికారి ఉత్తర్వు కావాలి. రెండోది, రికార్డుల్లో ఈ జననం నమోదు లేదని సంబంధిత అధికారి ఇచ్చే ధ్రువపత్రాన్ని తీసుకుని, దానికి పదో తరగతి ధ్రువపత్రం, తల్లిదండ్రులో పుట్టుక ఎరిగిన దగ్గరి పెద్దలో ఇచ్చే అఫిడవిట్లు జోడించడం. ఆ అఫిడవిట్‌లో తమకు ఆ సంగతి ఎలా తెలుసో రాయాలి. ‘నాకు తెలుసు’ అన్న మాట చాలదు. ‘కాన్పు సమయంలో ఆసుపత్రిలో నేనే ఉన్నాను’ అన్న వాక్యానికే బలం. నిన్నగాక మొన్న చేయించిన ఆలస్యపు నమోదు ఒక్కదాన్నే పంపితే అనుమానం వచ్చే అవకాశం ఉంది కనుక దానికి కూడా పాత బడి రికార్డు జోడించమనే నేను చెబుతాను.

ఇక బడిలో వేసిన తేదీ సంగతి. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి వయసు చాలక మాస్టారు జూన్ నెలలో ఏదో తేదీ వేసేయడం పల్లెల్లో అందరికీ తెలిసిన విషయమే. పాస్‌పోర్టు, పదో తరగతి ఆ తేదీతో ఉండి, జనన ధ్రువపత్రంలో అసలు తేదీ ఉంటే ఏదో ఒక దాన్ని దాచేయాలన్న ఆలోచన రావడం సహజం. దాచవద్దు, దిద్దవద్దు. అబద్ధపు పత్రం ఇచ్చినట్టు తేలితే అది ఆ ఒక్క దరఖాస్తుతో పోదు, అమెరికాలో అడుగుపెట్టడానికే శాశ్వత ఆటంకం కాగలదు. తేడా ఎలా వచ్చిందో తల్లిదండ్రుల అఫిడవిట్‌తో నిజం చెప్పండి. వీలైతే ఈలోగా మూలంలోనే సవరణకు దరఖాస్తు పెట్టండి.

శుభలేఖ అనువాదం

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఆంగ్లానువాదం కావాలి. దానికింద అనువాదకులు తాము ఆ రెండు భాషలూ ఎరుగుదుమని, అనువాదం సంపూర్ణంగా, సరిగా ఉందని రాసి సంతకం పెట్టాలి. దానికి నోటరీ ముద్ర అక్కరలేదు. బెజవాడలో కొందరు అంటగట్టే ఎపోస్టిల్, అంటే పత్రం అసలైనదేనని విదేశాల కోసం వేసే ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర కూడా ఈ పనికి అడగరు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

శుభలేఖలో అమ్మాయి పేరుకు ముందుండే ‘చి.ల.సౌ.’ను పొడి అక్షరాలనుకుని, ఇంటిపేరు తాలూకు మూడు అక్షరాలుగా అనువాదంలోకి ఎక్కించిన కాగితాన్ని నేను స్వయంగా చూశాను. ‘చిరంజీవి’ని అబ్బాయి మొదటి పేరుగా వేసినదీ ఉంది. అవి ఆశీర్వచనాలని, పేరులో భాగం కావని బ్రాకెట్లలో వివరించాలి. ‘శ్రీ క్రోధి నామ సంవత్సర శ్రావణ మాసం’ వంటివాటిని వదిలేయకుండా పక్కన ఆంగ్ల తేదీ రాయాలి. రాత్రి ముహూర్తమైతే, పంచాంగ దినం సూర్యోదయంతో మొదలవుతుందని ఒక వివరణ వాక్యం చేర్చాలి. ఆ వాక్యం లేకపోతే శుభలేఖ ఒక తేదీ, ధ్రువపత్రం ఇంకొక తేదీ చెబుతున్నట్టే కనిపిస్తుంది.

పెళ్లి నిజమైనదని చూపడం

అక్కడి భాగస్వామి ఐ-130 అనే పిటిషన్, అంటే ఇది మా వివాహ బంధం, గుర్తించండి అనే అర్జీ దాఖలు చేస్తారు. దానితో ఇక్కడివారి వివరాలతో ఐ-130ఏ జతచేయాలి. మీరు అమెరికా బయట ఉన్నారు కనుక దానిమీద మీ సంతకం లేకపోయినా ఫరవాలేదు గానీ, గత ఐదేళ్ల చిరునామాలూ ఉద్యోగాలూ మాత్రం ఖాళీ లేకుండా నింపాలి. హాస్టల్లో ఉన్న నెలలు కూడా లెక్కే. ‘బ్రాడీపేట 4/14’ అంటే గుంటూరులో ఆటో అతనికి కూడా అర్థమవుతుంది గానీ దరఖాస్తులో నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని విడదీసి, డోర్ నంబరుతో రాసి, అన్నిచోట్లా అదే రూపం ఉంచండి.

పెద్దలు కుదిర్చిన పెళ్లికి ఆధారం చూపడం కష్టమని చాలామంది భయపడతారు. నా లెక్కలో అదే సులువు, ఎందుకంటే మన పెళ్లిళ్లకు రెండు కుటుంబాలూ సాక్ష్యం. కరిజ్మా ఆల్బమ్ మొత్తం స్కాన్ చేసి పంపవద్దు. పెళ్లిచూపులో నిశ్చితార్థమో మొదలుకుని ఇటీవలి ప్రయాణం దాకా పదిహేను ఇరవై ఫొటోలు ఏరండి. జీలకర్ర బెల్లం ఫొటో ఎంతో ముఖ్యమైనదని మనకు తెలుసు గానీ అందులో తెరచాటు, చేతులు అడ్డం వచ్చి ముఖాలు సరిగా కనపడవు. దాని బదులు తలంబ్రాల ఫొటో, ఇరువైపుల తల్లిదండ్రులతో నిలబడినది తీసుకోండి. ప్రతి ఫొటో కింద తేదీ, ఊరు, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయండి. డబ్బు పంపిన బ్యాంకు వివరాలు, ఒకరికొకరు నామినీలుగా ఉన్న పాలసీలు, భాగస్వామి వచ్చిన ప్రతిసారీ విమాన టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు జతచేయండి. చాట్‌లు నెలకు ఒకటి రెండు పేజీలు చాలు. సంబంధం ఎలా కుదిరిందో, ఎవరు తెచ్చారో, ఎప్పుడు మాట్లాడుకున్నారో ఒక పేజీలో రాయించండి.

ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో పెళ్లి అయితే మొదటిది ముగిసినట్టు కోర్టు డిక్రీ ధ్రువీకృత నకలు గానీ మరణ ధ్రువపత్రం గానీ కావాలి. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకుల ఒప్పందాన్ని నమ్ముకోవద్దు.

పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికాలో అడుగుపెట్టినవారికి వచ్చేది రెండేళ్ల షరతులతో కూడిన గ్రీన్ కార్డు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఆ షరతులు తొలగించమని ఐ-751 దరఖాస్తు వేసేటప్పుడు ఈ ఆధారాలే మళ్లీ కావాలి కనుక ఫైలును పారేయకండి.

పిటిషన్ ఆమోదం తర్వాత

కేసు నేషనల్ వీసా సెంటర్‌కు, అంటే ఇంటర్వ్యూకు ముందు కాగితాలు సేకరించి చూసే అమెరికా కార్యాలయానికి వెళ్లి, బీఎంబీ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు వస్తుంది. బొంబాయి ముంబైగా మారి దశాబ్దాలైనా ఆ మూడక్షరాలు మారలేదు. ఈ దశలో డీఎస్-260 అనే వలస వీసా దరఖాస్తు, భాగస్వామి వేసే ఐ-864 పోషణ హామీ పత్రం, జనన, వివాహ ధ్రువపత్రాల వంటి పౌర పత్రాల స్కాన్‌లు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ధ్రువపత్రాల వెనుక పేజీలో ముద్రలుంటే అదీ రంగుల్లో స్కాన్ చేయించండి.

పోషణ హామీ దగ్గర మన ప్రాంతపు అలవాటు ఒకటి అడ్డొస్తుంది. విద్యార్థి వీసాలకు చార్టర్డ్ అకౌంటెంట్ చేత పొలాలకూ ఇళ్లకూ విలువ కట్టించిన అలవాటుతో అత్తమామలు ఇక్కడా అదే తెచ్చి ఇస్తారు. ఇక్కడ చూసేది ప్రధానంగా అమెరికాలో ఉన్న భాగస్వామి ఆదాయం, పన్ను రికార్డులు. కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం ఉండాలి. చాలకపోతే అక్కడే నివసించే పౌరులో గ్రీన్ కార్డుదారులో ఇంకొకరు ఉమ్మడి హామీదారుగా నిలబడవచ్చు. ఆస్తి చూపాలంటే అది ఏడాదిలోగా నగదు చేయగలిగినదై, పౌరుల భాగస్వామి విషయంలో లోటుకు మూడు రెట్లు విలువ ఉండాలి. నలుగురి పేర్ల మీద ఉన్న ఉమ్మడి మాగాణికి ఆ పరీక్షలో నెగ్గడం కష్టం.

పోలీసు క్లియరెన్స్ ధ్రువపత్రానికి కాలపరిమితి ఉంటుంది కనుక మొదట్లోనే తీసుకోవద్దు. ఈ దశకు వచ్చాక పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో 500 రూపాయలు కట్టి దరఖాస్తు చేసి, విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో హాజరు కావచ్చు. పోలీసు స్టేషన్ ఇచ్చే కాగితం దీనికి బదులు కాదు. పదహారేళ్ల వయసు తర్వాత దుబాయ్‌లోనో మరే దేశంలోనో ఏడాది, ఆపైన ఉండి ఉంటే ఆ దేశపు ధ్రువపత్రమూ తేవాలి.

ముంబై ప్రయాణం

హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా ఈ వీసా ఇంటర్వ్యూ ముంబైలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో జరుగుతుంది. వైద్య పరీక్ష అంతకుముందే, కాన్సులేట్ జాబితాలో ఉన్న వైద్యుల దగ్గరే చేయించుకోవాలి. మీ కుటుంబ వైద్యుడు ఎంత పేరున్నవారైనా వారి కాగితం పనికిరాదు. టీకాల చీటీ ఉంటే వెంట ఉంచుకోండి.

అప్‌లోడ్ చేసిన ప్రతిదాని అసలు ప్రతీ వెంట ఉండాలి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లినా విమానంలో వెళ్లినా ఆ సంచి తల కిందే, ఒడిలోనే ఉండాలి, సామాన్లలో వేయవద్దు. పెళ్లి తర్వాత ఇంటర్వ్యూ దాకా గడిచిన కాలానికి కొత్త ఫొటోలు, కొత్త టికెట్లు, ఇటీవలి చాట్ పేజీలు ముందు రోజే బెజవాడలో ప్రింటు తీయించుకోండి. కాన్సులేట్ లోపలికి సెల్‌ఫోన్ తీసుకువెళ్లనివ్వరు. కౌంటర్ దగ్గర అధికారి అడిగినప్పుడు ‘ఫోన్‌లో ఉన్నాయండీ’ అని చెప్పడానికి వీలుండదు.